నిన్నటి మాట కొట్టేసినాం

టెక్కలిలో మా ఇంటి ముందు గదే నా ఆఫీసు. ఒక బల్ల, ఒక లాప్‌టాప్, కరెంటు పోయినప్పుడు కాసేపు ఆదుకునే బ్యాటరీ. పలాసలో జీడిపప్పు వ్యాపారులకి, చుట్టుపక్కల స్కూళ్లకి, ఫంక్షన్ హాళ్లకి, కోటబొమ్మాళిలో ట్రాక్టర్లు అమ్మే ఒకాయనకి వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. చేసిపెట్టడం ఒకెత్తు, తర్వాత వాటిని కనిపెట్టుకుని ఉండటం ఒకెత్తు. ఈ రెండో దానికి ఎవరూ దండ వెయ్యరు. ఏదైనా పాడైనప్పుడే మనం ఒకరం ఉన్నామని గుర్తొస్తుంది వాళ్లకి.

ప్రతి సైటు వెనకాలా దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. కొన్నాళ్లకోసారి పైన ఒక పట్టీ మీద 'కొత్త వెర్షన్ వచ్చింది, అప్‌డేట్ చెయ్యండి' అని కనిపిస్తుంది. నొక్కితే అది కొత్త ఫైళ్లు దించుకుని పాతవాటి స్థానంలో పెట్టుకుంటుంది. తన పాత ఫైళ్లలో ఇక పనికిరానివి ఏవో దానికి తెలుసు, వాటిని తనే తుడిచేసుకుంటుంది. మనం పెట్టిన ఫొటోలు, వీడియోలు, ఆడియోలు మాత్రం ముట్టుకోదు. అవి మన సొత్తు. ఏ నెలలో పెట్టామో ఆ నెల ఫోల్డరులో పడి ఉంటాయి. పేజీ మీంచి తీసేసినా సరే, ఫైలు అక్కడే ఉంటుంది. పాత లింకు ఉన్నవాళ్లు నొక్కితే నిక్షేపంగా తెరుచుకుంటుంది.

ఈ సంగతి నేను అందరికీ చెప్తాను. అడగకపోయినా చెప్తాను. "అప్‌డేట్ అయిందంటే ఇల్లంతా శుభ్రమైపోయినట్టు కాదండీ, మీ పాత సామాన్లు మీరే తీసుకోవాలి" అని స్కూలు కరస్పాండెంట్లకి క్లాసు పీకుతాను. తెలియక చేసిన తప్పయితే ఇంత సిగ్గుపడాల్సిన పని ఉండేది కాదు.

మాది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం ఒడ్డున ఒక ఊరు. మా పుట్టింటివాళ్లు సముద్రంలో చేపల వేటకి వెళ్లేవాళ్లు. మా ఊరికి వెనకాల కొబ్బరి, జీడితోటల రైతుల ఊళ్లు. మా అమ్మ తమ్ముడు, అంటే మా మావ, ఊరికి చాటింపు వేసేవాడు. నడుం దెబ్బ తిని వేట మానేశాక పెద్దలు ఆయనకి ఆ పని అప్పజెప్పారు. మొదట్లో డప్పు, తర్వాత సైకిలుకి కట్టుకున్న మైకు. మావకి తన గొంతంటే మహా గర్వం. మైకు లేకపోయినా పక్క ఊరికి వినబడుతుందని ఆయన నమ్మకం. ఇంకెవరైనా మైకు పట్టుకుంటే ఆ పూటకి ముఖం గంటు పెట్టుకునేవాడు. కోపం ఎక్కువ, అలక ఇంకా ఎక్కువ.

మా ఊళ్లో చాటింపుకి ఒక పద్ధతి ఉంది. చాటిన మాట మారితే, కొత్త మాట చెప్పే ముందు పాత మాట కొట్టెయ్యాలి. ఎక్కడెక్కడ చాటారో అక్కడల్లా కొట్టెయ్యాలి, చాటిన మనిషే కొట్టెయ్యాలి. 'నిన్నటి మాట కొట్టేసినాం, ఇయ్యాల మాట ఇనండి' అనే మావ మొదలుపెట్టేవాడు. ఆ ముక్క లేకుండా ఇంకో మాట చెబితే, అది పాత మాటకి తోడు వచ్చిన మాట అనుకుంటారు. పాతదీ నిలిచే ఉంటుంది, కొత్తదీ నిలుస్తుంది.

నా చిన్నప్పుడు ఒకసారి గంగమ్మ సంబరం రోజు మారింది. అప్పటికే పడవలు వేటకి వెళ్లిపోయాయి. ముందురోజు ఒడ్డు మీద కూడా చాటి ఉన్నాడు కాబట్టి, మావ ఇసకలో నిలబడి, వచ్చిన పడవ వచ్చినట్టే ఎదురెళ్లి, పాత మాట కొట్టేశాడు. ఆఖరి పడవ ఒడ్డెక్కేదాకా కదల్లేదు. అన్నం చల్లారిపోతోందని అత్త ఒడ్డుకొచ్చి మరీ తిట్టింది. నేను ఆయన నీడలో నిలబడి ఉన్నాను, కాళ్లు కాలకుండా.

మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎరగని వీధి లేదు. మా ఊరి సంఘం వాళ్లు, డయాలసిస్ చేయించుకునేవాళ్లని పలాస తీసుకెళ్లడానికి ఒక వ్యాను ఏర్పాటు చేశారు. ఆ సంఘం చూసే స్కూలు మాస్టారు నాకు వరసకి తమ్ముడు. "అక్కా, ఊరికో సైటు పెట్టు, బండి సంగతులు అందులో ఉంటాయి" అన్నాడు. పెట్టాను. అయితే బండి ఎక్కేవాళ్లలో చదవగలిగేవాళ్లు తక్కువ. ఫోను నొక్కడం మాత్రం అందరికీ వచ్చు. అందుకని మావ చేత చెప్పించి ఆడియో పెట్టాం.

"అమ్మలారా, అయ్యలారా. డయాలసిస్ బండి జీడిపిక్కల షెడ్డు కాడ ఆగుతాది. బేగి రండి. బండి లేటయినా కంగారు పడకండి, కదలకండి. మిమ్మల్ని ఒదిలీసి పోదు."

ఇంతే. ఆ చివరి మాట రాసిచ్చింది కాదు, మావే కలిపాడు. తమ్ముడు ఆ ఆడియో లింకు ఒక్కటీ అందరి ఫోన్లకీ పంపాడు. నొక్కితే పేజీ గీజీ ఏమీ లేకుండా నేరుగా మావ గొంతే. ముసలివాళ్లు దాన్ని ఉత్తినే కూడా వేసుకుని వినేవాళ్లట. మావ ఆ సంగతి నాకు ఫోను చేసి చెప్పి, మళ్లీ అరగంట పోయాక ఇంకోసారి చెప్పాడు.

తర్వాత పలాసలో ఒక చిన్న సభ జరిగింది. బండికి సాయం చేసినవాళ్లకి శాలువాలు కప్పడం, కాఫీలు, ఫొటోలు. సైటు చూపించమంటే తెర మీద వేసి ఆడియో నొక్కాను. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దమనిషి, బయటి జిల్లా నుంచి వచ్చినాయన, పకపకా నవ్వాడు. "భలే కామెడీగా ఉందండీ, ఇంకోసారి వెయ్యండి" అన్నాడు. వేశాను. పక్కవాళ్లూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, "అక్కడివాళ్లు అలాగే మాట్లాడతారండీ" అన్నాను. అక్కడివాళ్లట. నేనేదో ఇంకెక్కడి నుంచో దిగొచ్చినట్టు.

నా సంగతి కొంచెం చెప్పాలి. విశాఖపట్నంలో కాలేజీలో చేరిన కొత్తలో నేను 'ఏటి' అంటే చాలు, హాస్టల్ వరండా అంతా 'ఏటి, ఏటి' అని మోగేది. ఆ ఏడాదే నా నోరు నేనే కడిగేసుకున్నాను. వినేవాళ్లకి నాది ఏ జిల్లానో తెలియనంత బాగా కడుక్కున్నాను. దానికి గర్వపడ్డాను కూడా. మావ గొంతు తెర మీంచి వినబడి ఆ నవ్వు లేచినప్పుడు నాకు మళ్లీ ఆ వరండాలో నిలబడ్డట్టయింది. మావ ఆ సభలోనే వెనక వరసలో ఉన్నాడు, ఉతికిన తెల్లచొక్కాతో. కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. నా మాట విన్నాడా అని అప్పుడు ఆలోచించలేదు. ఆలోచించడానికి భయపడ్డాను అంటే సరిగ్గా ఉంటుంది.

కొన్నాళ్లకి నీళ్ల పైపుల కోసం షెడ్డు దగ్గర రోడ్డు తవ్వేశారు. బండి అటు రావడానికి వీల్లేదు కాబట్టి, అవతలి వైపు జంక్షన్‌లో ఆపాలని సంఘం నిర్ణయించింది. "మావ చేత మళ్లీ చెప్పించి పెట్టక్కా" అన్నాడు తమ్ముడు. ఊరు ఎంత దూరం? పలాస వెళ్లే బస్సెక్కి, అక్కడ ఆటో మారితే సరి. అంతెందుకు, ఫోనులో చెప్పించుకున్నా సరిపోయేది. నేను చెప్పించలేదు. గదిలో ఫ్యాను ఆపి, తలుపు మూసి, నేనే రికార్డు చేశాను. "విజ్ఞప్తి. డయాలసిస్ వాహనం ఇకపై జంక్షన్ వద్ద ఆగుతుందని తెలియజేస్తున్నాము." విని మురిసిపోయాను. ఈసారి తెర మీద వేస్తే ఎవడూ నవ్వలేడు.

మావకి ఈ ముక్క చెప్పలేదు. చెబితే అలుగుతాడని, తర్వాత చెబుదామని అనుకున్నాను.

అదే రోజు సైటుకి అప్‌డేట్ వచ్చింది. నొక్కాను. పేజీ మీంచి మావ ఆడియో తీసేసి నాది పెట్టి, దాని లింకు తమ్ముడి చేత బండి ఎక్కేవాళ్లకి పంపించాను. 'అప్‌డేట్ విజయవంతంగా పూర్తయింది' అని తెర మీద వచ్చింది. పాత ఫైలు ఫోల్డరులో ఉండిపోయిందని నాకు తెలుసు. మావ గొంతు చెరపడానికి చెయ్యి రాలేదని చెప్పుకుంటే బాగుంటుంది గాని, అది అబద్ధం. దాన్ని అసలు లెక్కలోకి తీసుకోలేదు. లాప్‌టాప్ మూసి వంకాయలు తరుక్కున్నాను.

రెండు మూడు వారాలు ఏమీ కాలేదు. చాలామందికి డ్రైవరే నోటితో చెప్పుకున్నాడు. ఒక మధ్యాహ్నం తమ్ముడు ఫోను చేశాడు. "అక్కా, సైట్లో ఇంకా పాతదే వత్తంది" అన్నాడు. సైటు తెరిచి చూశాను. నా గొంతే ఉంది. "నేను ఎప్పుడో మార్చాను. నీ ఫోనులో పాతది నిలవుండిపోయి ఉంటుంది, రీఫ్రెష్ చెయ్యి" అన్నాను. మా వృత్తిలో ఇది అందరం అనే మాట, ఎదుటివాడి ఫోను మీదకి తోసెయ్యడం. "చేసినానక్కా" అన్నాడు. "మళ్లీ చెయ్యి" అన్నాను, కొంచెం గట్టిగానే. అప్పుడు జరిగింది చెప్పాడు.

పక్క రైతుల ఊళ్లో ఒకావిడ, కొత్తగా డయాలసిస్ మొదలుపెట్టినావిడ, భర్తతో కలిసి పొద్దున్నే షెడ్డు దగ్గరికొచ్చి కూర్చుంది. బండి రాలేదు. లేటయినా కదలొద్దని, వదిలేసి పోదని ఫోనులో గొంతు చెప్పింది. కదల్లేదు. ఎండెక్కాక షెడ్డు గోడ నీడలోకి జరిగారు. బండి అవతలి జంక్షన్ మీంచి ఎప్పుడో పలాస వెళ్లిపోయింది. ఆవిడకి ఊపిరి అందక ఒగర్చడం మొదలయ్యాక ఎవరో చూసి ఆటో ఎక్కించారు. అప్పటికి పలాసలో ఆవిడ వంతు వేరేవాళ్లకి ఇచ్చేశారు.

తమ్ముడు పంపిన పాత లింకు నొక్కాను. "అమ్మలారా, అయ్యలారా" అని మావ గొంతు గదంతా నిండింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పలాస వెళ్లాను. చేతిలో ఏం పట్టుకెళ్లాలో తోచలేదు. మా వైపు జబ్బు మనిషిని చూడ్డానికి వెళ్తే కొబ్బరిబొండాలు తీసుకెళ్తారు. కిడ్నీ జబ్బుతో ఆవిడకి ఆ నీళ్లే పడవు. ఉత్త చేతులతో వెళ్లాను. మధ్యలో ఎలాగో చోటు చేసి డయాలసిస్ చేశారట, గండం గడిచింది. కాళ్లు ఇంకా వాచే ఉన్నాయి. మావ పేరు చెప్పి, ఆయన మేనకోడలినని అన్నాను. ఆవిడ కోప్పడలేదు.

"మీ మావ సెప్పినాడని కూకున్నామమ్మా" అంది. "ఆయన మాట ఎప్పుడూ తప్పలేదు."

"కొత్త ఆడియో మీకు రాలేదా?" అన్నాను. ఆ స్థితిలో కూడా నా తప్పు ఎంత చిన్నదో కొలుచుకుంటున్నాను.

"వచ్చినాది" అన్నాడు ఆవిడ భర్త. "ఎవులో ఆడమనిషి సెప్పింది, జంక్షను కాడ ఆగుతాదని. రెండు బళ్లు ఏసినారనుకున్నాం. మాకు షెడ్డు దగ్గిర, అందుకే షెడ్డు కాడికి పోనాం. పాతమాట కొట్టేసినామని ఎవులూ సెప్పలేదు గదా."

ఈ పద్ధతి నాకు తెలుసు. దాన్ని చూస్తూ ఇసకలో నిలబడిన పిల్లని నేనే. నా శుభ్రమైన ఆడియోలో, 'విజ్ఞప్తి'కీ 'తెలియజేస్తున్నాము'కీ మధ్య, ఆ ఒక్క మాటకి చోటు లేకపోయింది. ఆ ఆడమనిషిని నేనేనని అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

"మీ మావ మాట ఇంక నమ్మేది లేదు తల్లీ" అన్నాడాయన, లేచి నీళ్ల సీసా సర్దుతూ. "ఊళ్లో టీ కొట్టు కాడ మొకం మీదే అడిగీసినాను. 'బావా, నీ మాట ఇని నా ఆడదాన్ని సంపుకోబోనాను' అన్నాను. ఏటీ పలకలేదు."

మావ ఏమీ పలకలేదట. అంత నోరున్న మనిషి. నేను చెప్పాల్సిన జవాబు ఆయన దగ్గర ఎలా ఉంటుంది? అక్కడా నేను నోరు మూసుకునే కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి నిమిరి "బేగి ఎల్పో అమ్మా, బస్సు దొరకదు" అంది. ఆ నిమరడానికి నేను చచ్చిపోయాను.

ఇంటికొచ్చి ముందు పాత ఫైలు చెరిపేశాను. ఆ ఫోల్డర్లు మొత్తం తిరగేశాను. ఎప్పుడో దిగిపోయిన సంఘం అధ్యక్షుల ఫ్లెక్సీలు, రద్దయిన రక్తదాన శిబిరం పోస్టరు, ఒక్కో ఫొటోకి సాఫ్ట్‌వేర్ తనంతట తను చేసిపెట్టిన చిన్నా పెద్దా కాపీలు. ఎవరూ పిలవరు, ఎవరూ పంపెయ్యరు, పిలిస్తే మాత్రం అన్నీ పలుకుతాయి. అన్నీ ఊడ్చేశాను. అప్పుడు మావకి ఫోను చేశాను.

"నా మాట తీసీలేదేటి నువ్వు?" అన్నాడు.

"పేజీలోంచి తీశాను మావా. ఫైలు ఉండిపోయింది. అప్‌డేట్ చేస్తే దానివి అది తీసేసుకుంటుంది గాని, మనం పెట్టినవి ముట్టుకోదు."

"అదెందుకు ముట్టుకుంటాదే? దానికేటి తెలుసు?" కోపంగా అన్నాడు మావ. "నాకు సెప్పాల కదేటి. నా మాట నానే కొట్టీసుకుందును. సైకిలేసుకుని ఊరూరా తిరిగి కొట్టీసుకుందును. నా గొంతు నీకు సిగ్గయిపోతే, అది వేరే సంగతి."

సభలో విన్నాడన్నమాట. నేను ఏదో అనబోయేలోగా ఫోను పెట్టేశాడు.

ఆ తర్వాత ఆయన చాటింపు మానేశాడని అమ్మ చెప్పింది. మైకు పెద్దల ఇంట్లో పెట్టేసి వచ్చాడట. ఇంకో సంగతి తమ్ముడు చెప్పాడు. నేను సైటు మీంచి చెరిపేసినా ఆ ఆడియో జనం ఫోన్లలోకి ఎప్పుడో దిగిపోయింది. ఒకరి నుంచి ఒకరికి, కొత్తగా జబ్బు పడ్డవాళ్లకి, వాళ్ల చుట్టాలకి వెళ్తూనే ఉంది. వాటిని చెరిపే మీట నా దగ్గర లేదు. బండి వచ్చే ప్రతి రోజూ పొద్దున్నే మావ షెడ్డు దగ్గరికి పోయి కూర్చుంటున్నాడట.

వెళ్లాను. పైపుల గోతుల పక్క మట్టి గుట్టలు, షెడ్డు గోడ, గోడ నీడలో బోర్లించిన చేపల ట్రే మీద మావ. మైకు లేదు, సైకిలు లేదు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. కాసేపటికి ఒక ముసలాయన కోడలి భుజం పట్టుకుని అటే వచ్చాడు. కోడలి చేతిలో ఫోను. మావ నడుం పట్టుకుని లేచి, ఎదురెళ్లి, మామూలు గొంతుతో చెప్పాడు.

"నిన్నటి మాట కొట్టేసినాం తాతా. బండి ఇక్కడికి రాదు. జంక్షను కాడికి పదండి, టైముంది."

వాళ్లు వెనక్కి తిరిగారు. మావ మళ్లీ ట్రే మీద కూర్చున్నాడు.

"మావా, కొత్తది రికార్డు చేద్దాం. నువ్వే చెప్పు" అన్నాను.

"నా మాట ఎవుడు నమ్ముతాడే ఇప్పుడు? నువ్వే సెప్పు."

"చెప్తాను. తప్పు నాదేనని కూడా చెప్తాను."

"సెప్పు. కానీ మన మాటల్లో సెప్పు. ఆ టీవీ గొంతుతో సెప్తే మనోలు ఎవులో అనుకుంటారు."

ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాను. "నిన్నటి మాట కొట్టేశాం" అని వచ్చింది. ఆపాను. మళ్లీ మొదలుపెట్టాను. "నిన్నటి మాట కొట్టేసినాం. ఇయ్యాల మాట ఇనండి." మాటలు సరిగ్గానే ఉన్నాయి. రాగం మాత్రం హాస్టల్ వరండాలో నన్ను ఏడిపించినవాళ్లది. సభలో నవ్విన పెద్దమనిషి ఇంటికెళ్లి చేసి చూపించి ఉంటే సరిగ్గా అలాగే ఉండేది. నేను పుట్టి పెరిగిన మాట నా నోట్లో వెక్కిరింపు అయిపోయింది.

మావ చెయ్యెత్తి ఆపాడు. "ఒద్దులేయే. నన్ను ఎక్కిరిత్తన్నట్టుంది."

కోపంగా అనలేదు. అలిసిపోయినట్టు అన్నాడు. ఫోను నా చేతిలోంచి తీసుకుని, గొంతు సవరించుకుని, పాత మాట కొట్టేశాడు. జంక్షన్ సంగతి చెప్పాడు. ఆఖర్న ఒక ముక్క కలిపాడు, ఎప్పటిలాగే ఎవరూ రాసివ్వకుండా.

"మొన్న తప్పు మాట ఉండిపోనాది. సాటింపేసినోడిదే తప్పు. నన్ను సెమించండి."

"అది నీ తప్పు కాదు మావా, ఆ ముక్క తీసేద్దాం" అన్నాను.

"గొంతు నాది కదే" అని ఫోను నా చేతిలో పెట్టి, ఇంకెవరో వస్తున్నారని రోడ్డు వైపు చూశాడు.

అక్కడే నిలబడి అప్‌లోడ్ నొక్కాను. అది ఇప్పటికీ సైట్లో ఉంది, జనం వింటున్నారు. తప్పు మావదన్న ఆ మాట కొట్టెయ్యాల్సింది నేను, నా నోటితో. గది తలుపు మూసి, ఫ్యాను ఆపి, ఫోను ముందు పెట్టుకుని రోజూ చెప్పి చూస్తున్నాను. ఇంకా వెక్కిరించినట్టే వస్తోంది.